వియ్యపురాలితో పెన్నా గండిలోకి

ఆదోనిలో మా స్టీలు సామాన్ల అంగడికి వచ్చే ఆడవాళ్ళకు ఈమధ్య ఒకటే ప్రశ్న. గిన్నె చేతిలోకి తీసుకుని, వేలితో తట్టి చూస్తున్నట్టే చూస్తూ, "రాజేశ్వరక్కా, కొండలూ గండ్లూ తిరిగొచ్చినావంట కదా, అదీ వియ్యపురాలితో?" అంటారు. కొండలకన్నా వియ్యపురాలే వాళ్ళకు వింత. ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ నా గొంతు బొంగురుపోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. చదివి మీకూ పోవాలనిపిస్తే నాకంతకన్నా సంతోషం లేదు.

నాకు నడక పిచ్చి. పొద్దున అంగడి తెరవక ముందే మా ఊరి కొండ సగం దాకా ఎక్కి దిగకపోతే ఆ రోజంతా ఒళ్ళు బరువుగా ఉంటుంది. ఒకరోజు ఫోనులో ఏదో దేశపు ఎడారి వీడియో వచ్చింది. ఎర్రటి రాతి లోయలు. ఆ లోయల్లో మనుషులు సంచులు వీపున వేసుకుని నడిచిపోతున్నారు. ఒకచోట రాయే విల్లులా వంగి, కింద ఆకాశం కనబడేంత సందు వదిలి నిలబడింది. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మా ఆయనకు విసుగు పుట్టింది.

"అంత దూరం యాలా? మన బనగానపల్లె కొండల్లోనే అట్లాంటి రాతి కమాను ఉండాదని సరుకు తెచ్చే డ్రైవరు చెప్తాండె. ఇంక గండికోట సరే సరి" అన్నాడు.

"అయితే చూసొస్తా" అన్నాను. ఆయన నవ్వి పేపరు తిప్పుకున్నాడు. అంగడి వదిలి ఆయన కదల్లేడు. నేను కదలగలనని ఆయన అనుకోలేదు.

కర్నూలులో ఉండే మా అమ్మాయి స్వప్న తోడు వస్తానంది. తీరా నేను సంచి సర్దుకుని అక్కడికి చేరేసరికి దానికి ఆఫీసులో సెలవు ఇవ్వలేదు. వాళ్ళ హాల్లో దిగాలుగా కూర్చున్నాను. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి ఒక గొంతు వచ్చింది.

"నేనొస్తా."

ఓబుళమ్మ. మా అల్లుడు హరి వాళ్ళమ్మ. జమ్మలమడుగు పక్క పల్లెలో సేద్యం చేసే మనిషి. కొడుకును చూడడానికి నాలుగు రోజులు కర్నూలు వచ్చి ఉంది. మాది అంగడి కుటుంబం, వాళ్ళది భూమి ఉన్న కుటుంబం. పిల్లలిద్దరూ చదువుకునే చోట ఇష్టపడ్డారు, రెండిళ్ళవాళ్ళమూ ఒప్పుకునే పెళ్ళి చేశాం. కానీ ఒప్పుకోవడం వేరు, కలవడం వేరు. ఆమె నన్ను "వదినా, బాగుండారా?" అంటుంది, నేను "బాగున్నాం వదినా, మీరు బాగున్నారా?" అంటాను. అంతటితో మా మాటలు అయిపోతాయి. తర్వాత ఇద్దరమూ టీవీ చూస్తాం.

హరి ఆమెను వింతగా చూశాడు. "నీకు ఆడేం పనిమా?"

"పనేం లేదు. చూడల్ల."

"పెళ్ళయినప్పటి నుంచి గండికోట పక్కనే ఉండావు కదా, చూడలేదా?"

"పైనుంచి చూసినా. దిగి చూడల్ల."

హరి నా వైపు తిరిగాడు. అల్లుడు కదా, నా మీద గొంతు పెంచలేడు. "అత్తా, పైనుంచే చూడండి. దిగొద్దండి. ఆదివారం నేను ఊరికి వస్తా, కోట కాడి నుంచి కారులో తీసుకపోతా" అన్నాడు. ఇద్దరమూ తల ఊపాం. ఇద్దరమూ ఒకేలా ఊపామని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఓర్వకల్లు

కర్నూలు దాటి నంద్యాల దారిలో కొంచెం పోతే ఓర్వకల్లు రాళ్ళు. బస్సు దిగి టికెట్టు కొనుక్కుని లోపలికి పోయాం. ఇదేదో పిల్లల పార్కులే అనుకుంటూ వెళ్ళిన నా నోరు మూతపడింది. రాళ్ళ మీద రాళ్ళు, వాటి మీద ఇంకా రాళ్ళు. ఒకటి పడబోతూ ఆగినట్టుంది, ఒకటి పక్కదాని భుజం మీద తల వాల్చినట్టుంది. వాటి నడుమ పచ్చటి నీటి మడుగులు. మార్గశిర మాసపు చలి ఎండ ఆ రాళ్ళ మీద పడి పసుపు రంగుకు తిరిగింది. నేను చిన్నపిల్లలా ఒక్కో రాయీ ఎక్కి దిగుతున్నాను. ఓబుళమ్మ చేతులు వెనక్కి కట్టుకుని, చేను చూడ్డానికి వచ్చినదానిలా నెమ్మదిగా నడుస్తోంది.

అక్కడ పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకునే జంట ఒకటి ఉంది. మా కాలంలో పెళ్ళికి ముందు పెళ్ళికొడుకు ముఖం సరిగ్గా చూస్తే గొప్ప. ఇప్పుడు నేల మీద జీరాడే ఎర్ర గౌను వేసుకుని, ఎత్తు మడమల చెప్పులతో ఆ అమ్మాయి బండ మీద నిలబడి ఉంది, కింద నుంచి అబ్బాయి చెయ్యి చాస్తున్నాడు. "ఆంటీ, పక్కకు జరగండి, ఫ్రేములో పడ్తాండారు" అని ఫోటోగ్రాఫరు మమ్మల్ని రెండుసార్లు అదిలించాడు. మూడోసారి అదిలించబోతుండగా టక్కుమని చప్పుడైంది. అమ్మాయి చెప్పు మడమ విరిగింది. పడిపోయేదే, ఓబుళమ్మ అందుకుంది.

అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. "ఇంకా గండికోటలో కూడా తీయల్ల ఆంటీ, ఎట్ల నడిచేది?" అంది. ఓబుళమ్మ తన హవాయి చెప్పులు విడిచి అమ్మాయి ముందు పెట్టింది. "గౌను కింద ఎవురికీ కనపడవులే."

మరి ఆమె కాళ్ళకు? ఊళ్ళోకి ఉత్తకాళ్ళతోనే నడిచి వచ్చింది. అక్కడి అంగట్లో ఆడవాళ్ళ బూట్లేవీ ఆమె పాదానికి పట్టలేదు. చివరికి మగపిల్లలు బడికి వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లు సరిపోయాయి. ధర కూడా తక్కువే. చీర కొంచెం పైకెత్తి ఆ బూట్లతో నాలుగడుగులు వేసి, అద్దంలో చూసుకుని, మొదటిసారి నా ముందు నవ్వింది. "పీటీ క్లాసుకు పోతాండట్లుండాది వదినా."

బనగానపల్లె

బనగానపల్లె అనగానే అందరికీ మామిడిపండే. మేము పోయింది చలికాలం, చెట్లు ఇంకా పూత పట్టలేదు. అయినా మామిడి లేకపోతే ఆ ఊళ్ళో ఏముందని అడక్కండి. ఉదయం ఒక తోపుడుబండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. మా ఆదోని ఉగ్గానిలో బొరుగులు మెత్తగా నానుతాయి, పుట్నాలపొడి దండిగా పడుతుంది. ఇక్కడ బొరుగులు కాస్త బిరుసుగానే ఉంచి నిమ్మకాయ పిండుతారు. మాదే బాగుంటుందని నేను అన్నాను. బండి నడిపే ఖాజాబీ అనే ముసలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "అయితే ఆదోనికే పోయి తిను తల్లీ, నా బజ్జీ యాలా రెండోసారి అడిగితివి?" అంది. ఓబుళమ్మకు పొలమారింది. నేను మూడోసారి అడిగే ధైర్యం లేక నా ప్లేటు దగ్గరికి లాక్కున్నాను. ఆమే ఇంకొక బజ్జీ వేసి, దానికి దుడ్లు తీసుకోలేదు.

అసలు ఇబ్బంది ముందురోజు రాత్రి భోజనం దగ్గర వచ్చింది. మేము మాంసం తినం. ఓబుళమ్మ తింటుంది. పెళ్ళిలో, తర్వాత సీమంతంలో, వాళ్ళు మాకోసం వేరుగా వండించారు, మేము వేరు పందిట్లో కూర్చున్నాం. ఇప్పుడు ఒకే బల్ల. ఆమె నాకోసం పప్పన్నం తెప్పించుకుంటానంది. వీధికి అటువైపు నాటుకోడి పులుసు, రాగి సంగటి అని బోర్డు ఉంది. ఆమె కళ్ళు ఆ బోర్డు దాటి రావడం లేదు.

"పదండి వదినా, అక్కడికే పోదాం" అన్నాను.

"మీరు ఆడ కూర్చోలేరు."

"మీరు తినండి. నేను సంగటి, చెనిక్కాయల చట్నీ తింటాను."

ఆమె మొదట కొంగు అడ్డం పెట్టుకుని తింది. రెండో ముద్దకు కొంగు జారింది. నాలుగో ముద్దకు ముక్కు చీదుకుంటూ, కారం బాగుందని తల ఊపుతూ తింది. నా చట్నీ నేను ఆమెకు వేశాను. నా పక్కన కోడి ఎముకలు పోగుపడుతున్నా నాకేమీ కాలేదు. ఇన్నేళ్ళూ దీనికేనా రెండు పందిళ్ళు అనిపించింది.

కమాను కింద

బనగానపల్లె నుంచి కొండల్లోకి ఆటోలో పోయాం. ఆ పల్లె పేరు నేను రాయడం లేదు. "జనం వస్తే సీసాలు పగలగొట్టి పోతారు, మేకల కాళ్ళు తెగుతాయి, రాయొద్దు తల్లీ" అని అక్కడి ఆడవాళ్ళు అడిగారు. మాట ఇచ్చాను.

దారి చూపడానికి హుసేనప్ప అని ఒకాయన కుదిరాడు. బస్సు కండక్టరుగా రిటైరయ్యాడట. ముందు నడుస్తూ, "రండమ్మా, ముందుకు జరగండి, చోటు శానా ఉండాది" అంటాడు. రాయి అడ్డం వస్తే "స్టేజీ వచ్చె, ఆగండి" అంటాడు. కమాను దగ్గరికి ఆయన వందసార్లు పోయాడట. నవాబులు అక్కడ ఉయ్యాల కట్టుకుని ఊగేవారట. ఈ ముక్క చెప్పినప్పుడు ఓబుళమ్మ నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేసింది.

కింద ముళ్ళ కంపలు, గడ్డి. పైకి పోయేకొద్దీ నేల పోయి రాయి మిగిలింది. పలకలు పేర్చినట్టు పొరలు పొరలుగా, గోధుమ రంగు, దాని మీద ఇటుక రంగు, చేత్తో రుద్దితే ఇసుక రాలుతుంది. ఒకప్పుడు నీళ్ళు కదిలిన ఆనవాళ్ళు రాతి మీద అలలు అలలుగా కనిపించాయి. అంత ఎత్తున, చుక్క నీరు లేనిచోట, రాతిలో అలలు! నేను మోకాళ్ళ మీద కూర్చుని వాటిని తడిమాను. నా గుండె దడదడలాడింది. ఆయాసం కాదు, ఆనందం.

చివరి మలుపులో హుసేనప్ప ఆగిపోయాడు. "నేనింక ఈడే ఉంటా. మీరు పోయి రాండి."

"ఏమప్పా, నువ్వు వందసార్లు పోయినావు కదా?" అంది ఓబుళమ్మ.

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఈడి దాకా వందసార్లు వచ్చినా. అవతలికి పోలేదు. ఆడ పెద్దీగల తేనెపట్లుండాయి. గొంతు లేపొద్దండి. సెంటు పూసుకోలేదు కదా?"

మలుపు తిరిగాం. అక్కడుంది. కొండ రెండు భుజాల మధ్య రాయి వంతెనలా వంగి, కింద నీలం ఆకాశం. ఫోనులో అరచేతిలో పట్టేది, ఇక్కడ తల వెనక్కి వంచితే గాని అందడం లేదు. దాని కడుపున నల్లగా రెండు తేనెపట్లు వేలాడుతున్నాయి, ఈగల రొద సన్నగా వినిపిస్తోంది. కమాను కిందికి పోవాలంటే కొండ అంచున ఒక గట్టు మీదుగా నడవాలి. గట్టు వెడల్పు మా అంగడి గల్లాబల్ల అంత. ఒకవైపు గోడ. రెండోవైపు ఏమీ లేదు.

రోజూ కొండ ఎక్కే మనిషిని నేను. ముందు నేనే బయలుదేరాను. సగం దూరం పోయాక కిందికి చూశాను. అంతే. మేకలు చుక్కల్లా కనిపించాయి. కాళ్ళు నావి కాకుండా పోయాయి. వేళ్ళు గోడను పట్టుకున్నాయి, ముందుకు పోవు, వెనక్కి రావు. కేక వేద్దామంటే నెత్తి మీద ఈగలు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వెనక నుంచి ఓబుళమ్మ చెయ్యి వచ్చి నా నడుం మీద ఆనింది. చెవి దగ్గర గుసగుసగా అంది.

"అక్కా, పదిమంది కూలోళ్ళకు సంగటి గెలకల్ల. ఏ గిన్నె ఇస్తావు?"

ఏమంటోందో అర్థం కాలేదు.

"అంగడికి వస్తినా లేదా? గిన్నె చూపీ."

"అడుగు... అడుగు మందంది" అన్నాను.

"స్టీలుదా?"

"స్టీలు మాడుతుంది. అల్యూమినియందే మంచిది."

"చూపీ మరి. యాడుండాది? ఆ మూలకా? పోదాం పా."

ఒక అడుగు వేశాను. చెవులున్నది కావాలా, లేనిది కావాలా అన్నాను. చెవులుంటే దించేటప్పుడు చేతికి పట్టు ఉంటుందని చెప్పాను. ఇంకో అడుగు. మూత కూడా కావాలంది. మూత వేరేగా కొనాలి అన్నాను. "నువ్వు శానా గట్టిదానివి, మూత కూడా ఊరికే ఇయ్యవా?" అని ఆమె నడుం మీద చిన్నగా గిల్లింది. ఆ గిల్లుడుకు మిగిలిన గట్టంతా దాటేశాను.

కమాను కింద చల్లటి గాలి ఒక్కసారిగా ముఖాన కొట్టింది. అవతల కొండల వరుసలు, వాటి కింద పచ్చటి శనగ చేలు. ఇద్దరమూ రాతికి వీపు ఆనించి కూర్చున్నాం. మాట్లాడకూడదు కాబట్టి నవ్వును మింగుతూ కూర్చున్నాం. భుజాలు కదిలిపోయేంతగా నవ్వాం. అప్పుడు గుర్తొచ్చింది, ఆమె నన్ను "నువ్వు" అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె ముందు నడిచింది. నేను ఆమె కొంగు పట్టుకుని, ఆమె బడిబూట్ల మడమల మీదే చూపు నిలిపి దాటాను. హుసేనప్ప మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "నవాబుల ఉయ్యాల కనపడెనా?" అన్నాడు. "కనపడింది, తాడు తెగిపోయిండాది" అంది ఓబుళమ్మ.

ఓబుళమ్మ ఊరు

దారిలో బెలుం గుహలు ఉన్నాయి. దిగుదామా అనుకున్నాం కానీ, ఆకాశం కింద నడవడానికి వచ్చినవాళ్ళం నేల కిందికి ఎందుకులే అని సాగిపోయాం. సాయంత్రానికి ఓబుళమ్మ వాళ్ళ పల్లె చేరాం. పెళ్ళయ్యాక ఆ ఇంటికి నేను రావడం అదే. వాళ్ళాయన శనగ చేనుకు మందు కొట్టించి అప్పుడే వచ్చాడు. నన్ను చూసి "రామ్మా, చెల్లెలా" అన్నాడు. భార్య బూట్ల వైపు ఒకసారి చూశాడు. అంతా విని, "మోకాళ్ళు జాగర్త" అని మాత్రం అన్నాడు.

అన్నం దగ్గర కూర్చున్నప్పుడు నేను నా సంచిలోంచి జొన్న రొట్టెలు తీశాను. కటకటలాడేలా ఎండబెట్టినవి, నెల రోజులు ఉంటాయి. వాళ్ళవైపు ఇలా ఎండబెట్టరట. "ఇది అప్పడమా, రొట్టెనా?" అని ఆయన విరిచి చూశాడు. చివరికి మజ్జిగలో నానబెట్టుకుని మూడు తిన్నాడు.

"రేపు దిగుదామా?" అని పడుకునే ముందు ఓబుళమ్మ అడిగింది.

"హరికి వద్దని తలూపాం కదా."

"నేను ఊపింది మెడ నొప్పికి."

గండికోట, పైన

ఆదివారం తెల్లవారుతుండగానే కోట చేరాం. కోటగోడలు, మసీదు, ధాన్యపు కొట్టు, గుడి దాటి అటు చివరికి నడిచాం. బండల మీద బండలు ఎక్కి అంచుకు చేరేసరికి ఎదురుగా నేల రెండుగా చీలింది. నేను ఇంకో మాట వెతికాను, దొరకలేదు. చీలింది, అంతే. రెండువైపులా ఎర్రటి గోడలు నిటారుగా, ఎవరో రాళ్ళు కోసి పేర్చినట్టు గళ్ళు గళ్ళుగా. ఎక్కడో కింద పెన్నా, ఆకుపచ్చని నీటి మలుపు. ఎండ ముందు అవతలి గోడ పైఅంచును తాకింది, తర్వాత పొర పొరగా కిందికి దిగింది. దిగే కొద్దీ రంగు మారింది. నేను ఏదో అరిచాను. ఏమని అరిచానో తెలీదు.

ఓబుళమ్మ ఆ నీళ్ళను చూస్తూ నిలబడింది. "పెళ్ళయి వచ్చినప్పుడు మా అత్త ఈడికి తెచ్చి చూపిచ్చె. దిగుదామత్తా అంటి. ఆడోళ్ళు దిగేది కాదు అనె. మొగోళ్ళు దిగి చేపలు తెస్తాండ్రి. ఆ తర్వాత ఎవురో ఒకరు వచ్చినప్పుడల్లా తెచ్చి చూపిస్తాండా. ఈడ నిలబడే చూపిస్తాండా."

"పద మరి" అన్నాను. నేను కూడా "పదండి" అనడం మర్చిపోయాను.

గండిలో

దిగే దారి దారి కాదు. గదులంత బండలు ఒకదాని మీద ఒకటి దొర్లి ఆగిన చోటు. కూర్చుని జారాలి, చేతులతో పట్టుకుని వేలాడాలి, సందుల్లోంచి దూరాలి. మాకు కాస్త ముందు నలుగురు ఆడపిల్లలు దిగుతున్నారు. కడపలో నర్సింగు చదువుతున్నారట. వాళ్ళలో రిహానా అనే పిల్ల ప్రతి పెద్ద బండ దగ్గరా ఆగి, "ఎడం కాలు ఈడ పెట్టండి ఆంటీ" అని మాకు చెయ్యి ఇచ్చింది. కిందికి పోయేకొద్దీ ఎండ పైనే ఉండిపోయింది. రాతి చల్లదనం చుట్టుకుంది. తల ఎత్తితే ఆకాశం సన్నటి నీలం గుడ్డపేలిక.

చివరి బండ దిగగానే నీళ్ళు. ఓబుళమ్మ ఆగలేదు. బూట్లు విడిచి, చీర ఎత్తి పట్టుకుని ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది, తర్వాత చీర వదిలేసి ఒడ్డునున్న బండ మీద మెడ దాకా నీళ్ళలో కూర్చుంది. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఎట్లుండాది వదినా?" అన్నాను ఆమె యాసలోనే.

ఆమె నీళ్ళను గుప్పిట్లోకి తీసుకుని నెత్తిన పోసుకుంది. "ఏమీ లేదు. ఉత్త నీళ్ళే" అంది. "ఉత్త నీళ్ళకే ఇన్నేండ్లు ఆపిరి చూడు."

నేనూ దిగాను. ఆడపిల్లలూ దిగారు. అరిస్తే గోడలు మా అరుపును తిరిగి ఇచ్చాయి. ఎవరి పేరు వాళ్ళు అరుచుకున్నాం. ఓబుళమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె తన పేరు నెమ్మదిగా అంది. "వినపల్య ఆంటీ, గట్టిగా" అన్నారు పిల్లలు. అప్పుడు అరిచింది. గండి మొత్తం "ఓబుళమ్మా" అంది.

మళ్ళీ పైకి

తడి చీరతో ఎక్కడం తప్పని మాకు తట్టలేదు. సగం ఎక్కాక ఓబుళమ్మ కాలు రెండు బండల సందులో జారింది. పట్టుకునేలోపే కూలబడింది. పెదవి కొరుక్కుంది గానీ అరవలేదు. చీలమండ చూస్తుండగానే ఉబ్బింది. రిహానా వేళ్ళతో నొక్కి చూసి, కదిలించమని అడిగి, "ఎముకకు ఏమీ కాలేదనుకుంటా, కానీ బరువు మోపొద్దు. పైకి పోయినాక ఎక్స్‌రే తీపిచ్చల్ల" అంది. తన దుపట్టా తీసి గట్టిగా కట్టింది.

నాకు అప్పుడు భయం వేసింది. పైకి చూస్తే గోడ, కిందికి చూస్తే నీళ్ళు. దిగుదామని "పద" అన్నది నేను. ఈమెను ఎలా పైకి చేర్చాలి? సరిగ్గా అప్పుడే, అంత ఎత్తుకు వచ్చి సిగ్నలు అందింది కాబట్టి, నా సంచిలో ఉన్న ఆమె ఫోను మోగింది.

"యాడుండావు మా? కోట కాడ ఉండా నేను."

ఓబుళమ్మ నా వైపు చూసింది. "గండిలో."

తర్వాత ఫోను అవసరం లేకుండానే అంచు మీది నుంచి హరి గొంతు వినబడింది. "అమ్మా!"

"ఉండు, వస్తాండాం" అని ఆమె ఫోను కట్టేసింది.

ఎలా ఎక్కామంటే, కూర్చుని ఎక్కాం. ఆమె వెనక్కి తిరిగి బండ మీద కూర్చునేది. ఇద్దరు పిల్లలు పై నుంచి చంకల కింద పట్టి లాగేవాళ్ళు, నేనూ రిహానా కింద నుంచి ఆమె మంచి కాలికి మా అరచేతులు మెట్టుగా పెట్టేవాళ్ళం. ఒక బండ, కాస్త రొప్పు, మళ్ళీ ఒక బండ. మధ్యలో ఒకసారి ఆమెకు కళ్ళు తిరిగాయి. నా సంచిలో మిగిలిన రొట్టెముక్క, బెల్లం తినిపించాను. "నన్ను ఈడే వదిలేసి పోండి, చేపలు పట్టుకోని బతుకుతా" అంది. పిల్లలు విరగబడి నవ్వారు. నవ్వుతుంటే లాగలేకపోయారు, అందరమూ మళ్ళీ కూర్చున్నాం.

పై అంచుకు కాస్త దిగువకు హరి ఎదురొచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నున్నటి బూట్లు, ముఖం కోపంతో ఎర్రగా ఉంది. తల్లిని చివరి రెండు బండలూ తానే ఎత్తుకుని పైకి చేర్చి కూర్చోబెట్టాడు. కట్టు చూశాడు. తడి చీర చూశాడు. నన్ను చూశాడు.

"అత్తా, మీరైనా చెప్పల్ల కదా!"

"నేనే పదమన్నాను నాయనా" అన్నాను.

"ఏమైనా అయ్యింటే? ఆడ ఏముండాదని పోయినారు మా? అంత దూరం, అంత లోతు, ఏముండాది ఆడ?"

ఓబుళమ్మ జుట్టు పిండుకుంటూ కొడుకు ముఖంలోకి చూసింది. కోపం లేదు, నవ్వూ లేదు. "నువ్వు పోయి చూడలేదా ఎప్పుడూ?"

"నేనా? చిన్నప్పుడు దిగుతా అంటే కాళ్ళిరగ్గొడతానంటివి. మరిచిపోతివా?"

"అంటి" అంది ఆమె. "ఇప్పుడు పొమ్మంటాండా. పో. పోయి చూసి రా. మేము ఈడే కూర్చోని ఉంటాం."

"నీ కాలు?"

"కాలు యాడికీ పోదు. ఈ పాప కట్టు కట్టింది కదా. నువ్వొచ్చినాక ఆసుపత్రికి పోదాం."

హరి నా వైపు చూశాడు. నేను అతని బూట్ల వైపు చూశాను. రిహానా మాత్రం, "ఎడమపక్కగా దిగండన్నా, కుడివైపు జారుతుంది" అంది. అతను ఇంకా నిలబడే ఉన్నాడు. తర్వాత వంగి బూట్లు విప్పాడు, మేజోళ్ళు వాటిలో కుక్కాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. ఫోను, కారు తాళాలు తల్లి ఒళ్ళో పెట్టాడు. మొదటి బండ దిగేటప్పుడు పెద్దమనిషిలా దిగాడు. మూడో బండ దగ్గర గెంతాడు.

మేము అంచున కూర్చుని చూస్తూ ఉన్నాం. తెల్ల చొక్కా బండల నడుమ కనబడుతూ మాయమవుతూ చిన్నదైపోయింది. ఓబుళమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది, ఆమె వేళ్ళు నా మణికట్టును నొక్కుతున్నాయి. చాలాసేపటికి కింద నీళ్ళ పక్కన ఒక తెల్లచుక్క వచ్చి నిలబడింది. రెండు చేతులూ పైకెత్తింది. అరుపు మా దాకా రావడానికి కాస్త సమయం పట్టింది. వచ్చేసరికి ఓబుళమ్మ నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద లేచి నిలబడి, నా చెవి పగిలిపోయేలా తిరిగి అరిచింది.